కాఫీ పొడి గ్రైండర్‌కే అంటుకుపోతోందా? గ్రైండర్ మార్చే ముందు నాలుగు నీటి చుక్కలు వేసి చూడండి

మొబైల్స్, ఇయర్‌బడ్స్ రివ్యూల మధ్యలో ఈ కాఫీ గోల ఏంటి అనుకోకండి. కాఫీ గ్రైండర్ కూడా మోటార్, స్విచ్ ఉన్న గ్యాడ్జెట్టే. పైగా ఈ ఆర్టికల్ లో చెప్పబోయేది మన ఫోన్ సర్వీస్ సెంటర్ వాళ్ళు రోజూ భయపడే సమస్య గురించే. అదే స్టాటిక్ ఎలక్ట్రిసిటీ, అంటే స్థిర విద్యుత్.

పోయిన జనవరిలో హైదరాబాద్ లో మా ఇంటికి ఒక ఎలక్ట్రిక్ బర్ గ్రైండర్ తెప్పించాను. బ్రాండ్ పేరు చెప్పను, ఎందుకో చివర్లో మీకే అర్థమవుతుంది. మొదటి రోజు 20 గ్రాముల గింజలు వేసి, ఫిల్టర్ కాఫీకి సరిపడా మెత్తగా ఆడించాను. కింద ఉన్న ప్లాస్టిక్ కప్పు బయటికి లాగగానే పొడి లేచి నా చేతికి, చొక్కాకి, వంటగట్టుకి అంటుకుంది. పొట్టు అయితే గాల్లో ఎగిరి మరీ వెళ్ళి కుక్కర్ మూత మీద వాలింది. అమ్మ వచ్చి చూసి, "ఏంట్రా ఇది, గట్టంతా బొగ్గు పొడి చల్లినట్టు! ఇంతకంటే ఆ పొడి కొట్టు కాఫీయే నయం కదా" అంది.

నాకు రోషం వచ్చి పీస్ డిఫెక్ట్ అని రిటర్న్ పెట్టేశాను. వారం తర్వాత కొత్త పీస్ వచ్చింది. అది కూడా అచ్చం అలాగే చేసింది. అప్పుడు గానీ డౌట్ రాలేదు, తప్పు మెషిన్ ది కాదేమో అని.

ఈ ఆర్టికల్ లో ఆ పొడి ఎందుకు అంటుకుంటుంది, దాని వల్ల మనకి నిజంగా నష్టం ఏంటి, ఖర్చు లేకుండా ఎలా తగ్గించుకోవాలి, "యాంటీ స్టాటిక్" అని రాసి అమ్మే గ్రైండర్లకి ఎక్కువ డబ్బు పెట్టాలా వద్దా అనేవి ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు చార్జ్ ఎక్కడి నుంచి వస్తుంది?

ప్లాస్టిక్ దువ్వెనతో పొడి జుట్టు దువ్వి, ఆ దువ్వెనని కాగితం ముక్కల దగ్గర పెట్టే ప్రయోగం స్కూల్లో అందరం చేశాం. రెండు వేరు వేరు వస్తువులు ఒకదానికొకటి తగిలి విడిపోయినప్పుడు ఒకదాని మీది ఎలక్ట్రాన్లు కొన్ని రెండోదాని మీదికి వెళ్తాయి. ఒకటి పాజిటివ్, ఇంకొకటి నెగటివ్ అవుతుంది. కొత్త ఫోన్ స్క్రీన్ మీది ప్లాస్టిక్ పొర పీకగానే ఎక్కడెక్కడి దుమ్మూ వచ్చి స్క్రీన్ మీద వాలేది కూడా ఇందుకే.

కాఫీ గ్రైండర్ లో ఇది రెండు రకాలుగా జరుగుతుంది. ఒకటి రాపిడి. గింజ ముక్కలు స్టీల్ బర్ కి, ప్లాస్టిక్ గోడలకి, ఒకదానికొకటి రాసుకుంటాయి. రెండోది విరగడం. గింజ పగిలినప్పుడు విరిగిన రెండు ముఖాల మీద చార్జ్ సమానంగా పంచబడదు, ఒక ముక్క కొంచెం ఎక్కువ పట్టుకుపోతుంది. ఒక్క గింజ కొన్ని వేల ముక్కలు అవుతుంది కాబట్టి ఈ విరగడం ఎన్నిసార్లు జరుగుతుందో మీరే ఊహించుకోండి. ఎంత మెత్తగా ఆడిస్తే అన్ని ఎక్కువ ముక్కలు, అంత ఎక్కువ చార్జ్.

ఇలా చార్జ్ అయిన పొడి రెండు పనులు చేస్తుంది. ఒకే రకం చార్జ్ ఉన్న రేణువులు ఒకదాన్నొకటి తోసుకుని పైకి ఎగురుతాయి. వేరే రకం చార్జ్ ఉన్నవి ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి, గోడలకి అంటుకుంటాయి. అందుకే ఒకే కప్పులో ఒకవైపు పొడి ఎగురుతుంది, ఇంకోవైపు గడ్డ కడుతుంది.

సరదా విషయం ఏంటంటే లేజర్ ప్రింటర్ పనిచేసేది కూడా ఈ సూత్రం మీదే. అందులో టోనర్ పొడిని కావాలనే చార్జ్ చేసి, డ్రమ్ మీద అక్షరం ఉన్న చోటే అంటుకునేలా చేస్తారు. మన గ్రైండర్ అడగకుండానే ఆ పని చేసిపెడుతోంది అన్నమాట.

అగ్నిపర్వతాల సైంటిస్టు కాఫీ మీద పడ్డాడు

దీని మీద 2023 డిసెంబర్ లో "మ్యాటర్" అనే సైన్స్ జర్నల్ లో ఒక మంచి పరిశోధన వచ్చింది. అమెరికాలోని ఒరెగాన్ యూనివర్సిటీ కి చెందిన కెమిస్ట్ క్రిస్టఫర్ హెండన్, అగ్నిపర్వతాల మీద పనిచేసే జాషువా మెండెజ్ హార్పర్, వాళ్ళ టీమ్ కలిసి చేశారు. అగ్నిపర్వతం పేలినప్పుడు బూడిద రేణువులు రాసుకుని, విరిగి చార్జ్ అవడం వల్లే ఆ పొగలో మెరుపులు వస్తాయి. గ్రైండర్ లో జరిగేది కూడా చిన్న సైజులో అదే. అందుకే ఆ రెండు రంగాల వాళ్ళు కలిశారు.

రకరకాల కాఫీలు ఆడించి, బయటికి వచ్చిన పొడిలో ఎంత చార్జ్ ఉందో కొలిచారు. వాళ్ళకి తెలిసిన ముఖ్యమైన విషయాలు ఇవి:

1. గింజ లోపల మిగిలి ఉన్న తేమ చాలా ముఖ్యం. తేమ తక్కువ ఉంటే చార్జ్ ఎక్కువ.
2. బాగా నల్లగా వేయించిన డార్క్ రోస్ట్ లో చార్జ్ ఎక్కువ, అది నెగటివ్ వైపు ఉంటుంది. తక్కువ వేయించిన లైట్ రోస్ట్ లో తేమ కొంచెం ఎక్కువ మిగులుతుంది కాబట్టి చార్జ్ తక్కువ, అది పాజిటివ్ వైపు ఉంటుంది.
3. మెత్తటి పొడికి బరక పొడి కంటే చార్జ్ ఎక్కువ.
4. గింజ ఏ దేశంలో పండింది, ఏ పద్ధతిలో ప్రాసెస్ చేశారు అనేదానికి చార్జ్ తో సంబంధం కనపడలేదు.

నాలుగో పాయింట్ మనకి పనికొచ్చేది. అరకు గింజలైనా, చిక్‌మగళూరు గింజలైనా, ఇథియోపియా నుంచి వచ్చినవైనా తేడా లేదు. ఎంత వేయించారు, ఎంత మెత్తగా ఆడిస్తున్నారు అనేదే లెక్క.

ఇప్పుడు మన ఫిల్టర్ కాఫీ సంగతి చూడండి. మన ఇళ్ళలో చిక్కటి డికాక్షన్ కోసం సాధారణంగా బాగా వేయించిన గింజలు వాడతాం, మెత్తగా ఆడిస్తాం. రెండూ చార్జ్ పెంచే పనులే. దానికి తోడు గాలి పొడిగా ఉంటే పుట్టిన చార్జ్ తొందరగా తగ్గదు. హైదరాబాద్ లో చలికాలం, ఎండలు ముదిరాక మధ్యాహ్నాలు, ఏసీ గది, ఈ మూడు సందర్భాల్లో నాకు పొడి ఎగరడం బాగా ఎక్కువ కనిపించింది. జూలై వానల్లో అదే గ్రైండర్, అవే గింజలు, గోల సగానికి తగ్గింది. విశాఖలో సముద్రం గాలికి ఉండేవాళ్ళకి ఈ ఆర్టికల్ కొంచెం అతిశయోక్తిలా అనిపించినా ఆశ్చర్యం లేదు.

గట్టు మురికి కాకుండా ఇంకేం నష్టం?

తుడుచుకుంటే పోయేదానికి ఇంత చర్చ ఎందుకు అనొచ్చు. మూడు కారణాలు ఉన్నాయి.

మొదటిది, కొలత తప్పుతుంది. 20 గ్రాములు వేస్తే 20 గ్రాములు రావు. మిగిలింది లోపలే ఉంటుంది.

రెండోది, ఆ మిగిలింది రేపు వస్తుంది. ఈరోజు లోపల అంటుకున్న పొడి రేపటి కాఫీలో కలుస్తుంది. పొడి చేశాక కాఫీ వాసన చాలా త్వరగా పోతుంది. తాజాగా ఆడించుకుందాం అనే కదా గ్రైండర్ కొన్నాం! అందులో ప్రతిరోజూ కొంచెం నిన్నటి పొడి కలుస్తుంటే ఆ డబ్బుకి అర్థం లేదు.

మూడోది, ఉండలు. పొడి ఉండలు కడితే నీళ్ళు అన్ని చోట్లా సమానంగా దిగవు. గడ్డల మధ్య ఖాళీల్లోంచి జారిపోతాయి. ఎస్ప్రెస్సో మెషిన్ లో ప్రెషర్ తో నీళ్ళు తోస్తారు కాబట్టి ఇది ఇంకా పెద్ద సమస్య. పైన చెప్పిన పరిశోధనలోనే కొంచెం నీళ్ళు కలిపి ఆడించిన పొడితో ఎస్ప్రెస్సో తీస్తే, అది మెల్లగా దిగింది, ఇంకా చిక్కగా వచ్చింది. అంటే అదే గింజల నుంచి ఎక్కువ కాఫీ సారం దిగినట్టు.

పరిష్కారం: ఆడించే ముందు నాలుగు చుక్కలు

ఈ చిట్కా ఇంటి కాఫీ ప్రియుల్లో ఎప్పటి నుంచో ఉంది. దాని పేరు రాస్ డ్రాప్లెట్ టెక్నిక్, షార్ట్ గా ఆర్‌డీటీ. పేరు పెద్దది, పని చిన్నది. గింజలు గ్రైండర్ లో వేసే ముందు వాటికి కొంచెం తడి తగిలించడమే.

నీళ్ళు ఎలా పనిచేస్తాయంటే, తడి పొర ఉన్న చోట చార్జ్ ఒక దగ్గర పేరుకోకుండా పాకిపోగలదు. ఒక రేణువు మీది ప్లస్, పక్క రేణువు మీది మైనస్ కలిసి రద్దవుతాయి. చార్జ్ పుట్టే దగ్గరే, అంటే బర్ల మధ్యలోనే, ఆ తడి ఉంటుంది కాబట్టి తర్వాత చేసే ఏ పని కన్నా ఇది బాగా పనిచేస్తుంది.

స్టెప్ బై స్టెప్ గా:

1. ఒకసారికి కావాల్సిన గింజలు మాత్రమే చిన్న గిన్నెలో తూచి పెట్టుకోండి.
2. డ్రాపర్ తో 20 గ్రాములకి 4 చుక్కలు వేయండి. డ్రాపర్ లేకపోతే స్పూన్ కాడని నీళ్ళలో ముంచి, విదిలించి, ఆ తడి కాడతో గింజలు కలపండి. సన్నటి తుంపర కొట్టే చిన్న స్ప్రే బాటిల్ ఉంటే ఒకటి రెండు సార్లు కొడితే చాలు.
3. గిన్నెని నాలుగైదు సార్లు ఊపండి. గింజలు కొంచెం మెరుస్తూ కనిపించాలి. గిన్నె అడుగున నీళ్ళు కనిపించకూడదు.
4. ఆలస్యం చేయకుండా గ్రైండర్ లో వేసి ఆడించండి.
5. ఆడించిన పొడి వెంటనే వాడేయండి.

ఎన్ని నీళ్ళు అనేదానికి ఒక లెక్క. మామూలు డ్రాపర్ చుక్క సుమారు 0.05 మిల్లీలీటర్లు. 4 చుక్కలంటే 0.2 మిల్లీలీటర్లు. మీ గింజలు బాగా నల్లగా ఉంటే ఇంకో రెండు మూడు చుక్కలు పెంచి చూడండి. 20 గ్రాములకి అర మిల్లీలీటరు దాటాల్సిన అవసరం రాదు. అంతకన్నా ఎక్కువైతే పొడి తడిసి బర్లకే ముద్దలా అంటుకుంటుంది. అప్పుడు ఒక సమస్య పోయి ఇంకోటి వచ్చినట్టే.

మా ఇంట్లో నేను కొలిచింది

ఒకే డార్క్ రోస్ట్ ప్యాకెట్, ఒకే సెట్టింగ్, 0.1 గ్రాము వరకు చూపించే వేయింగ్ స్కేల్. ఐదు రోజులు పొడిగా, ఐదు రోజులు 4 చుక్కలతో ఆడించాను. ప్రతిసారీ ముందు బ్రష్ తో లోపల శుభ్రం చేశాను. పొడిగా ఆడిస్తే 20 గ్రాములకి 19.1 నుంచి 19.3 గ్రాముల దాకా వచ్చింది. చుక్కలు వేశాక 19.9 నుంచి 20.1 దాకా వచ్చింది.

మొదట "ఆహా, 20 కి 20 వచ్చేసింది" అని సంబరపడ్డాను. తర్వాత గుర్తొచ్చింది, 4 చుక్కల నీళ్ళ బరువు కూడా 0.2 గ్రాములు ఉంటుంది కదా అని. అంటే 20.2 వేస్తే 20 వచ్చినట్టు. అయినా లోపల మిగిలేది సుమారు 0.8 నుంచి 0.2 కి తగ్గింది. మీరు కొలిచేటప్పుడు కూడా నీళ్ళ బరువు కలిపి చూసుకోండి, లేకపోతే రిజల్ట్ ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది. ఇది ఒక్క ఇంటి, ఒక్క మెషిన్ లెక్క. మీ నెంబర్లు వేరేగా ఉంటాయి, కానీ తేడా మాత్రం కంటికే తెలుస్తుంది.

ఈ తప్పులు చేయకండి

నీళ్ళు గింజల మీదే వేయాలి, గ్రైండర్ లోపల పోయకూడదు. పైన ఉన్న డబ్బాలో పావుకిలో గింజలు నింపి వారం రోజులు వాడే అలవాటు ఉంటే ఈ పద్ధతి మీకు కుదరదు. తడి గింజలు నిల్వ ఉంచితే పాడవుతాయి. ఏ పూటకి ఆ పూట తూచుకునేవాళ్ళకే ఇది.

బర్లు తుప్పు పడతాయా అని చాలామందికి భయం. నాలుగు చుక్కలు 20 గ్రాముల పొడిలోకి ఇంకిపోతాయి కాబట్టి బర్ల మీద నీళ్ళు నిలవవు. కానీ అన్ని బర్లూ స్టెయిన్‌లెస్ స్టీల్ కావు. మీ మోడల్ మాన్యువల్ లో నీళ్ళు తగలకూడదు అని రాసి ఉంటే దాన్నే పాటించండి, వారంటీ ముఖ్యం.

ఫిల్టర్ కాఫీలో చికోరీ కలిపేవాళ్ళు గింజలు ఆడించాకే చికోరీ పొడి కలపండి. చికోరీ తేమని ఇట్టే పీల్చుకుని జిగురు అవుతుంది, దాన్ని గ్రైండర్ లోకి పోనివ్వకండి.

మిక్సీ చిన్న జార్ లో ఆడించేవాళ్ళు కూడా ఒకటి రెండు చుక్కలు వేయొచ్చు, మూతకి అంటుకునే పొడి తగ్గుతుంది. కాకపోతే మిక్సీ బ్లేడ్ కొన్ని ముక్కలు పిండిలా, కొన్ని రవ్వలా చేస్తుంది. ఆ తేడాని నీళ్ళు సరిచేయలేవు.

నీళ్ళు వద్దనుకుంటే?

కాసేపు ఆగడం: ఆడించగానే కప్పు లాగకుండా అర నిమిషం, ఒక నిమిషం ఆగండి. చార్జ్ కొంత తగ్గుతుంది, ఎగిరేది సర్దుకుంటుంది. పైసా ఖర్చు లేని పని ఇది.

స్టీల్ కప్పు: ప్లాస్టిక్ కప్పు బదులు సరిపోయే స్టీల్ గ్లాసు పెట్టండి. మన ఇళ్ళలో దానికి కొదవా! లోహంలో చార్జ్ ఒకేచోట నిలవదు కాబట్టి కప్పు గోడలకి అంటుకోవడం తగ్గుతుంది. గ్రైండర్ లోపల అంటుకునేదానికి మాత్రం ఇది పనిచేయదు.

పొడి గుడ్డతో తుడవడం మానేయడం: ప్లాస్టిక్ కప్పుని పొడి గుడ్డతో గట్టిగా రుద్దితే మనమే దాన్ని చార్జ్ చేసినట్టు. కడిగి బోర్లించి ఆరనివ్వండి, లేదా కొంచెం తడి గుడ్డతో తుడవండి.

గ్యాస్ లైటర్: ఇది విని నవ్వొచ్చు. స్టవ్ వెలిగించే టిక్ టిక్ లైటర్ లో పీజో క్రిస్టల్ ఉంటుంది. నొక్కినప్పుడు కొన్ని వేల వోల్టులు పుట్టి నిప్పురవ్వ వస్తుంది, చుట్టూ గాలిలో అయాన్లు పుడతాయి. అవి పొడి మీది చార్జ్ ని కొంత రద్దు చేస్తాయి. నేను కప్పు దగ్గర నాలుగైదు సార్లు నొక్కి చూశాను. గోడకి అంటుకున్న పొడి కొంత రాలింది, లోపల ఉన్నది అలాగే ఉంది. కానీ నేను ఇది సజెస్ట్ చేయను. గాల్లో తేలే సన్నటి పొడికి నిప్పురవ్వ మంచిది కాదు, పక్కనే గ్యాస్ ఉండే చోట అసలే వద్దు.

ఎర్తింగ్ వైర్: ఫోన్ రిపేర్ చేసేవాళ్ళు చేతికి కట్టుకునే ఎర్త్ స్ట్రాప్ లాగా గ్రైండర్ కి కూడా వైర్ కడితే అని నేనూ అనుకున్నాను. మనిషి శరీరం కరెంట్ ని పోనిస్తుంది కాబట్టి అక్కడ స్ట్రాప్ పనిచేస్తుంది. కాఫీ పొడి, ప్లాస్టిక్ పోనివ్వవు. రేణువు మీది చార్జ్ రేణువు మీదే ఉండిపోతుంది, వైర్ దాకా రాదు. అనవసరంగా మెషిన్ విప్పి వైరింగ్ లో చేతులు పెట్టకండి.

యాంటీ స్టాటిక్ గ్రైండర్ కొనాలా?

ఇప్పుడు కొన్ని గ్రైండర్లలో అయానైజర్ లేదా ప్లాస్మా జనరేటర్ అనే ఫీచర్ వస్తోంది. డీఎఫ్64 రెండో జనరేషన్ మోడల్ దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. పొడి బయటికి వచ్చే దారిలో సన్నటి మొన దగ్గర హై వోల్టేజ్ ఇచ్చి అయాన్లు పుట్టిస్తారు. గ్యాస్ లైటర్ చేసే పనినే పద్ధతిగా, మోటార్ తిరుగుతున్నంతసేపూ చేస్తుంది. ఇది మాయ కాదు, నిజంగా పనిచేసే టెక్నాలజీయే. కాకపోతే ఆ మొన దగ్గర పొడి పేరుకుంటే పనితనం తగ్గుతుంది కాబట్టి అప్పుడప్పుడు శుభ్రం చేసుకోవాలి. ఇంకో మాట, అది ఉండేది బయటికి వచ్చే దారిలో. బర్ల మధ్య అంటుకున్న పొడి దాకా దాని ప్రభావం వెళ్ళదు.

నా సలహా ఇది. మీ బడ్జెట్ లో బర్ క్వాలిటీ, మోటార్, సర్వీస్ నచ్చి, దాంతో పాటు అయానైజర్ కూడా వస్తుంటే హ్యాపీగా తీసుకోండి. కేవలం ఆ ఒక్క ఫీచర్ కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. స్పెసిఫికేషన్ పేజీలో "యాంటీ స్టాటిక్ డిజైన్" అని మాత్రమే రాసి, అది ఎలా పనిచేస్తుందో చెప్పకపోతే, అది మామూలు కప్పు ఆకారం గురించి కూడా అయ్యుండొచ్చు. సెల్లర్ ని అడిగి తెలుసుకోండి.

ఇక ఇప్పటికే గ్రైండర్ ఉండి, పొడి ఎగురుతోందని రిటర్న్ బటన్ మీద వేలు పెట్టినవాళ్ళకి ఒక్క మాట. ముందు నాలుగు చుక్కలు వేసి మూడు రోజులు చూడండి. అప్పటికీ 20 గ్రాములకి ఒక గ్రాము లోపలే ఉండిపోతే, మోటార్ సౌండ్ తేడాగా ఉంటే, పొడి సైజు ఏమాత్రం సమానంగా లేకపోతే అప్పుడు నిజంగా మెషిన్ సమస్య కావచ్చు, రిటర్న్ పెట్టండి.

నేను రిటర్న్ చేసిన మొదటి పీస్ కి ఏ రోగమూ లేదని ఇప్పుడు నాకు తెలుసు. దాని మీద రెండు స్టార్ల రివ్యూ కూడా రాశాను, "పొడి మొత్తం బయటే పడుతోంది, క్వాలిటీ చెత్త" అని. ఆ రివ్యూ చదివి ఎంతమంది కొనడం మానేశారో తెలీదు. పోయిన నెల వెళ్ళి దాన్ని ఎడిట్ చేశాను. బ్రాండ్ పేరు ఇక్కడ చెప్పకపోవడానికి కారణం ఇదే. చేయని తప్పుకి ఒకసారి తిట్టింది చాలు.

అమ్మ ఇప్పుడు పొడి కొట్టు కాఫీ ఊసు ఎత్తట్లేదు. పొద్దున్నే ఫిల్టర్ లో పొడి వేసే పని ఇంకా తనదే, గింజలు తడిపి ఆడించే పని నాది. వంటగట్టు మీద సన్నటి స్ప్రే బాటిల్ ఒకటి ఉంటుంది. మొన్న మా చుట్టాలావిడ వచ్చి అది మొక్కలకా అని అడిగితే, "కాదు, కాఫీ గింజలకి. కరెంట్ పోవడానికట" అని అమ్మే చెప్పింది. ఇంత పెద్ద ఆర్టికల్ ని తను రెండు ముక్కల్లో చెప్పేసింది.